కొండబాటపై సైకిల్ సవారీ.. విశాఖ తీరంలో దారి ఎంచుకోవడం ఎలా?

విశాఖపట్నం: తూర్పు కనుమలు బంగాళాఖాతాన్ని తాకే తావు విశాఖ తీరం. సాగరతీర రహదారిపై నిలబడితే ఒక చేతి వైపు అలలు, మరో చేతి వైపు తుప్పలు కప్పుకున్న ఎర్రని కొండవాలు కనిపిస్తాయి. సెలవులు గడపడానికి వచ్చేవారు సాధారణంగా ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, భీమిలి చూసి వెనుదిరుగుతుంటారు. వీరికి తోడు ఇటీవలి సంవత్సరాల్లో మౌంటెన్ బైక్‌ను కారు వెనుక కట్టుకుని వచ్చే ఔత్సాహికులు కూడా పెరుగుతున్నారు. వారు వెతికేది తారు రోడ్డు కాదు; మట్టి, రాయి, మలుపు, ఎక్కుడు, దిగుడు కలిసిన కొండబాట.

ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. ఈ ప్రాంతంలోని కొండబాటల్లో చాలావరకు సైకిల్ కోసం వేసినవి కావు. పశువుల కాపరులు, కట్టెలు కొట్టేవారు, జీడితోటల రైతులు, కొండపైని దైవాన్ని దర్శించే భక్తులు తరతరాలుగా నడిచి నడిచి ఏర్పరచినవి. వాటిలో కొన్ని సైకిల్‌ను భరిస్తాయి, కొన్ని భరించవు. కొన్నింటిపైకి ఎవరైనా వెళ్లవచ్చు, కొన్నింటికి అనుమతి తప్పనిసరి. మరికొన్నింటిలో అడుగుపెట్టడమే నేరం. దూరం నుంచి చూసేవారికి ఈ తేడా తెలియదు. పైగా చూడగానే సైకిల్ దించాలనిపించే నేలే ఈ తీరంలో అన్నింటికంటే సున్నితమైనది కావడం గమనార్హం.

మంచి బాట అంటే ఏది?

మౌంటెన్ బైకింగ్ ఒక క్రీడగా రూపుదిద్దుకున్నది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో. 1970 దశకంలో మారిన్ కౌంటీ యువకులు లావు టైర్ల పాత సైకిళ్లను కొండ మీదకు చేర్చి, మట్టిదారుల వెంట కిందికి దూసుకొచ్చేవారు. 1976లో అక్కడ మొదలైన ‘రీప్యాక్’ పందేలతో ఈ ఆటకు ప్రచారం లభించింది. కిందికి చేరేసరికి వెనుక చక్రం బ్రేకులోని గ్రీజు కాలి ఆవిరయ్యేది. మళ్లీ గ్రీజు దట్టించనిదే మరో పరుగు సాధ్యమయ్యేది కాదు. ఆ పేరు వెనుక కథ అదే. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఈ క్రీడ పతకాల పట్టికలోకి ఎక్కింది.

సైకిళ్ల వల్ల బాటలు పాడవుతున్నాయన్న ఫిర్యాదులు కూడా అదే వేగంతో పెరిగాయి. దాంతో 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం ఏర్పడి, బాటల నిర్మాణానికీ వాడకానికీ కొన్ని సూత్రాలను రూపొందించింది. వాటిలో రెండు విశాఖ కొండలకు అచ్చంగా వర్తిస్తాయి. బాట సగటు వాలు 10 శాతానికి మించకూడదన్నది మొదటిది. అంటే కిలోమీటరు దూరంలో 100 మీటర్లకంటే ఎక్కువ ఎత్తు ఎక్కకూడదు. బాట వాలు, అది సాగే కొండ పక్కవాలులో సగానికి మించకూడదన్నది రెండవది. కొండ పక్కవాలు 16 శాతం ఉంటే బాట వాలు 8 శాతంలోపు ఉండాలి. ఈ సగం లెక్క తప్పితే వాననీరు బాటకు అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పరుగెడుతుంది. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి బాట కాస్తా గెడ్డగా మారిపోతుంది.

కొండను నిట్టనిలువుగా చీల్చుకుంటూ దిగే దారి చూపరికి సాహసోపేతంగా కనిపించవచ్చు. దానిపై సైకిల్ దిగేది బ్రేకులు బిగబట్టుకునే. బ్రేకు బిగించిన చక్రం దొర్లదు, గీరుతుంది. గీరిన ప్రతిచోటా మట్టి లేచిపోతుంది. కొండను చుట్టుకుంటూ, మెల్లగా ఎక్కుతూ దిగుతూ, నీటిని పక్కకు జారవిడిచే బాటే సైకిల్‌కు మంచి బాట. ఉత్తరాంధ్రలో పశువుల బాటలు అనేకం ఈ కోవలోకే వస్తాయి. బరువు మోసే జంతువు నిలువుదారి ఎక్కదు. ఒరవడిగా వాలును చూసుకుని నడుస్తుంది.

నేల తీరు తెలిస్తే సగం పని పూర్తి

విశాఖ కొండల్లో అధికభాగం ఖోండలైట్ శిల. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ శిథిలమైన ఈ శిల గోధుమ, ఎరుపు రంగుల్లో పొరలు పొరలుగా విడిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు టైరుకు చక్కని పట్టు ఇస్తుంది. అయితే విడిపోయిన పెచ్చులు చిన్న చిన్న గులకలై బాటపై పరుచుకుంటాయి. మలుపుల్లో ముందు చక్రం జారిపోవడానికి ప్రధాన కారణం ఇదే. కొత్తవారు రాయిని చూసి భయపడతారు, గులకను నమ్ముతారు. వాస్తవానికి నమ్మదగినది పాతుకుపోయిన రాయే.

కొండ పాదాల వద్ద కనిపించే ఎర్రమట్టిలో బంక పాలు ఎక్కువ. ఎండాకాలంలో సిమెంటులా గట్టిపడే ఈ నేల, నాలుగు చినుకులు పడగానే టైరుకూ ఫ్రేముకూ మధ్య పిడచకట్టి చక్రాన్ని తిరగనివ్వదు. తడినేలపై పడిన చక్రపు గాడి ఎండిన తరువాత అలాగే నిలిచిపోతుంది. తరువాతి వానకు అదే కాలువ అవుతుంది. కాబట్టి వాన వెలిశాక కనీసం రెండు రోజులు ఆగడం మేలు. టైరు వెనుక వేలిమందం గాడి పడుతున్నట్లు గమనిస్తే, ఎంత దూరం వచ్చినా అక్కడి నుంచే వెనుదిరగాలి. ఆ బాటను రేపు వాడుకోవలసిన పశువుల కాపరికి సైకిల్ లేదు, వేరే దారి కూడా లేదు.

తీరానికి దగ్గరగా ఇసుక నేలల్లో సరుగుడు, జీడితోటలు విస్తరించి ఉన్నాయి. సరుగుడు ఆకు రాలి పరుపులా పేరుకున్న చోట ఇసుక కొంత గట్టిపడి సైకిల్ సాఫీగా సాగుతుంది. తోటల మధ్య బండిబాటలు చదునుగా ఉండి, కొత్తగా నేర్చుకునేవారికి, పిల్లలతో వచ్చిన కుటుంబాలకు అనువుగా ఉంటాయి. ఇవి చాలావరకు ప్రైవేటు తోటలు. జీడి పూత, కాయ మీద ఉండే నెలల్లో కావలివారు కొత్తవారిని అనుమానంగా చూడటం సహజం. దిగి, పలకరించి, అనుమతి అడిగితే కాదనేవారు తక్కువ.

ఎర్రమట్టి దిబ్బల జోలికి వెళ్లరాదు

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. చలనచిత్రాల్లో పాటల చిత్రీకరణ ద్వారా తెలుగువారందరికీ పరిచయమైన ప్రదేశమిది. లోతైన వంకలు, నిలువు గోడలు, పాములా మెలికలు తిరిగే ఇసుక దారులు, ఒకదాని వెనుక ఒకటిగా లేచే ఎర్రని మెరకలు. మౌంటెన్ బైక్ నడిపేవారెవరికైనా ఇంతకంటే మంచి తావు దొరకదనిపిస్తుంది. కానీ సైకిల్ దించకూడని చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

కారణం ఆ నేల పుట్టుకలోనే ఉంది. భూమిపై హిమయుగం కొనసాగిన కాలంలో సముద్రమట్టం నేటికంటే చాలా దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలులు, ప్రవాహాలు మోసుకొచ్చి ఇక్కడ మేటవేశాయి. వేల సంవత్సరాల్లో ఇసుక రేణువులపై ఇనుప ఆక్సైడ్ పూత ఏర్పడి ఎర్రబారాయి. రేణువును రేణువుతో పట్టి ఉంచుతున్నది ఆ పలుచని పూత, కొద్దిపాటి బంకమట్టి మాత్రమే. అది రాయిగా మారలేదు. చేతితో నలిపితే పొడి అవుతుంది. వానచుక్కకే కరిగి వంకలు పడే నేల, బ్రేకు వేసిన చక్రానికి ఏమాత్రం తట్టుకుంటుంది? ఒకసారి పైపొర విరిగితే లోపలి వదులు ఇసుక గాలికి, నీటికి జారిపోతూనే ఉంటుంది. దానిని తిరిగి నిలబెట్టే మార్గం లేదు.

ఇటువంటి ఎర్ర ఇసుక నిక్షేపాలు దక్షిణాసియాలో తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ మాత్రమే చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపిస్తాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2024 జులైలో దిబ్బల పరిసరాల్లో మట్టి తవ్వకాలు సాగడం వివాదాస్పదమై, పనులు నిలిచాయి. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతోపాటు ఎర్రమట్టి దిబ్బలకూ చోటు దక్కింది. యంత్రాలతో తవ్వేవారిని తప్పుపట్టే సైకిల్ ప్రియులు తామూ ఆ గోడల మీదుగా దిగడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. సైకిల్‌ను రోడ్డు వద్దే వదిలి, నడిచే బాటలో కాలినడకన చూసి రావడమే సరైన పద్ధతి.

ఎవరి కొండ? ఎవరి అనుమతి?

జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న కంబాలకొండ ఔత్సాహికులను మొదటగా ఆకర్షించే అడవి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవి 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం వన్యప్రాణుల అభయారణ్యం. చిరుతపులులు, కొండచిలువలు, దుప్పులు, అడవిపందులు ఇక్కడ సంచరిస్తుంటాయి. నగరానికి ఇంత చేరువలో చిరుత తిరిగే అడవి ఉండటం విశాఖకు గర్వకారణమే అయినా, సైకిల్ మీద నిశ్శబ్దంగా, వేగంగా మలుపు తిరిగేవారికి అది హెచ్చరిక కూడా. మనిషి నడిచి వస్తుంటే అలికిడికి జంతువులు ముందే తప్పుకుంటాయి. సైకిల్ ఆ వ్యవధి ఇవ్వదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ప్రవేశించాలంటే అనుమతి తప్పనిసరి. అటవీశాఖ పర్యావరణ పర్యాటక కేంద్రం ద్వారా సందర్శకులను కొంత భాగంలోకి అనుమతిస్తుంటారు. సైకిల్‌తో వెళ్లదలచినవారు ఏ బాటలో, ఏ వేళల్లో వెళ్లవచ్చో ప్రవేశద్వారం వద్ద ముందుగా అడిగి తెలుసుకోవాలి. కాలినడకకు ఇచ్చిన అనుమతి సైకిల్‌కూ వర్తిస్తుందని ఊహించుకోరాదు. కంచె తెగిన చోట నుంచో, కొండ అవతలి పల్లెల వైపు నుంచో లోపలికి జొరబడితే కేసు తప్పదు. అంతకు మించి, ప్రమాదం జరిగితే ఎక్కడున్నారో వెతికేవారికి తెలియదు.

సింహాచలం కొండల శ్రేణి మరో ఆకర్షణ. ఘాట్ రోడ్డు ఎక్కుడు తారు సైకిళ్లకే కాక కొండ సైకిళ్లకు కూడా మంచి సాధన. అయితే మెట్లదారి, మాధవధార వైపు నుంచి కొండ దాటి వెళ్లే కాలిబాట భక్తులవి. చెప్పులు విడిచి ఎక్కే మెట్లపై సైకిల్ దించడాన్ని స్థానికులు సహించరు, సహించవలసిన అవసరమూ లేదు. ఆషాఢ పౌర్ణమి సందర్భంగా జరిగే గిరి ప్రదక్షిణలో తొలిపావంచా నుంచి బయలుదేరి 32 కిలోమీటర్ల మేర కొండను చుట్టివచ్చే భక్తులు లక్షల్లో ఉంటారు. ఆ రెండు రోజులు కొండ చుట్టుపక్కల సైకిల్ ఆలోచన మానుకోవాలి. మిగతా రోజుల్లో మాత్రం అదే 32 కిలోమీటర్ల ప్రదక్షిణ మార్గం, తెల్లవారుజామున వాహనాల రద్దీ లేని వేళ, కొండ స్వరూపాన్ని అన్ని వైపుల నుంచి చూపే చక్కని పరిచయ యాత్ర.

బౌద్ధక్షేత్రాలైన తొట్లకొండ, బావికొండ సాగరతీర రహదారికి పడమటి వైపున ఉన్నాయి. నీటి నిల్వకు రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఒకదానికి, బావుల వల్ల మరొకదానికి ఆ పేర్లు వచ్చాయి. రెండూ సముద్రమట్టానికి సుమారు 130 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. రెండు వేల ఏళ్ల నాటి భిక్షువులు ఎక్కిన ఎత్తే నేటి సైకిల్‌కూ పరీక్ష. కొండపైకి తారు రోడ్డు ఉండటంతో ఎక్కేటప్పుడు శ్వాస, దిగేటప్పుడు బ్రేకు ఎంత అదుపులో ఉన్నాయో తేల్చుకోవడానికి ఇంతకంటే అనువైన కొండ లేదు. పైన స్తూపాలు, విహారాల ఇటుక పునాదులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ ఆవరణలోకి సైకిల్ తీసుకెళ్లరాదు.

యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు సంగతి వేరు. అది తూర్పు నౌకాదళ స్థావరం ఉన్న ప్రాంతం. ఊరికీ బీచ్‌కూ వెళ్లే రహదారి తప్ప పక్కదారుల్లోకి తిరగకపోవడమే క్షేమం. ఫోన్‌లోని వ్యాయామ యాప్‌లలో ఎవరో నడిచిన గీత కనిపించింది కదా అని వెంబడించరాదు. స్ట్రావా సంస్థ విడుదల చేసిన ప్రపంచ పటంలో సైనికులు పరుగెత్తిన గీతల వల్ల పలు దేశాల సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడి, 2018 జనవరిలో పెద్ద దుమారమే రేగింది. ఒక గీత ఉందంటే అక్కడ ఎవరో నడిచారనే అర్థం. అందరూ నడవవచ్చని కాదు.

పటంలో వెతకడం, కాపరిని అడగడం

కొత్త బాటను వెతికేవారికి భారత సర్వేక్షణ సంస్థ 1:50,000 కొలతలో ప్రచురించే స్థలాకృతి పటం నేటికీ ఉత్తమ సాధనం. అందులో 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరుతో సమానం. కొండలను చుట్టి ఉండే గోధుమరంగు సమోన్నత రేఖలు 20 మీటర్లకొకటి చొప్పున గీసి ఉంటాయి. పటంపై చుక్కల గీతగా కనిపించే కాలిబాట, 2 సెంటీమీటర్ల పొడవులో ఐదు రేఖలను దాటితే కిలోమీటరుకు 100 మీటర్లు, అంటే సరిగ్గా 10 శాతం వాలు. పది రేఖలు దాటితే సైకిల్ ఎక్కడం కంటే మోయడమే ఎక్కువ. రేఖలకు సమాంతరంగా సాగే బాట దొరికితే దానిని గుర్తుపెట్టుకోవాలి.

ఉపగ్రహ చిత్రాలను చూసేటప్పుడు ఏ నెలలో తీసినవో గమనించాలి. వర్షాకాలపు చిత్రంలో పచ్చదనం బాటలన్నింటినీ మింగేస్తుంది. మార్చి, ఏప్రిల్ చిత్రాల్లో ఆకు రాలిన కొండపై అవే బాటలు తెల్లని దారాల్లా బయటపడతాయి. పాత సమాచారాన్ని గుడ్డిగా నమ్మడం కూడా మంచిది కాదు. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ కొండలపై లెక్కలేనన్ని చెట్లను కూల్చివేసింది. నగరం ఉత్తరానికి విస్తరిస్తున్నకొద్దీ లేఅవుట్లు, ప్రహరీలు వెలిసి పల్లెల డొంకదారులు మధ్యలోనే తెగిపోతున్నాయి. పటంలో ఉన్న దారి చివర ఇనుప గేటు ఎదురుకావడం ఇక్కడ వింత కాదు.

చివరి మాట స్థానికులదే. కొండ దిగువ పల్లెలో ‘‘ఈ దారిలో సైకిల్ వెళుతుందా?’’ అని అడిగితే, ఇనుప రాలీ సైకిల్‌ను తలచుకుని ‘‘వెళ్లదు బాబూ’’ అని చెబుతారు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ బాటలో ఆవులు దిగుతాయా, మేకలేనా? వానాకాలంలో గెడ్డ ఎటు పొంగుతుంది? అవతల ఏ ఊరు తగులుతుంది? ఆవులు దిగే బాటలో సైకిల్ దాదాపుగా దిగుతుంది. మేకలు మాత్రమే దిగే బాటను వదిలివేయడమే మంచిది. ఇన్ని తెలుసుకున్నాక కూడా మొదటిసారి ఆ దారిని కాలినడకన చూసి రావడం ఉత్తమం. ఒక ఉదయం వృథా అయినట్లు అనిపించవచ్చు కానీ, కూలిన మాను ఏ మలుపు వెనుక ఉందో సైకిల్ మీద కనుగొనడం కంటే అదే చవక.

రోజుకో దారి: తీరం వెంబడి

బస నగరంలో గానీ, రుషికొండ పరిసరాల్లో గానీ ఉన్నవారికి భీమిలి వరకు సుమారు 25 కిలోమీటర్ల సాగరతీర రహదారే వెన్నెముక. దాని మీద సాగుతూ, పడమటికి తిరిగే మట్టిదారులను ఒకటొకటిగా పరిశీలించవచ్చు. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ దాటాక రద్దీ తగ్గుతుంది. తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట వద్ద అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. సముద్రం వెనక్కు తగ్గిన వేళ దానిని దగ్గరగా చూడవచ్చు. అక్కడి నుంచి ఉత్తరంగా పల్లెకారుల ఊళ్లు, సరుగుడు తోటలు వరుసగా వస్తాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిలో డచ్చివారి సమాధుల వద్ద సైకిల్ ఆపి సేదదీరవచ్చు.

ఆటు సమయంలో తడిసి గట్టిపడిన ఇసుకపై సైకిల్ నడపడం ఆహ్లాదకరమే. పోటు మొదలయ్యాక మెత్తని పొడి ఇసుకలో తోసుకుంటూ రావలసి వస్తుంది. కాబట్టి ఆటుపోట్ల వేళలు చూసుకుని బయలుదేరాలి. శీతాకాలం నుంచి వేసవి ఆరంభం వరకు ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు చేరి గుడ్లు పెడతాయి. ఆ మాసాల్లో చీకటిపడ్డాక దీపాలు వెలిగించుకుని ఇసుకపై తిరగరాదు. వలలు ఆరబెట్టిన చోట, తెప్పలు లాగే చోట సైకిల్ దిగి నడవడం కనీస మర్యాద. ఒక వల చిరిగితే బాగుచేయడానికి ఒక కుటుంబానికి పూటల పని.

గాలి సంగతి మరవరాదు. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. వేసవిలో, నైరుతి రుతుపవనాల కాలంలో గాలి కూడా అదే దిశలో వీస్తుంది. భీమిలి వెళ్లేటప్పుడు వెన్నుతట్టిన గాలి తిరుగుదారిలో ఎదురొడ్డుతుంది. ఉత్సాహంగా గంటలో చేరినవారు రెండు గంటలు తొక్కినా రుషికొండ కనిపించక నీరసించడం పరిపాటి. నవంబరు నుంచి జనవరి వరకు ఇది తారుమారవుతుంది. వెళ్లేటప్పుడే శ్రమ, వచ్చేటప్పుడు సుఖం. ఎండ, ఉక్కపోత, వాన మూడూ లెక్కలోకి తీసుకుంటే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరికలను గమనిస్తూ ఉండాలి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుందన్నది హైదరాబాద్ నుంచి వచ్చినవారు తరచూ మరచిపోయే విషయం. కొండకు తూర్పు వైపున ఇంకా ముందే చీకటి ముసురుతుంది.

సైకిల్, సరంజామా

ఈ బాటలకు ఖరీదైన సైకిల్ అక్కరలేదు. ముందు ఫోర్కుకు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, రెండంగుళాలకు పైబడిన వెడల్పు టైర్లు ఉంటే చాలు. రోడ్డు మీద నింపినంత గాలి కొండపై పనికిరాదు. మధ్యస్థ బరువు గలవారు 30 పీఎస్‌ఐ పరిసరాల్లో ఉంచితే గులకలపై పట్టు దొరుకుతుంది. ఇక్కడి అసలు శత్రువు సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరునూ ట్యూబునూ ఒకేసారి చీల్చుకుపోతుంది. ట్యూబు లేని టైర్లలో సీలెంటు పోయించుకున్నవారు చాలావరకు గట్టెక్కుతారు. మిగిలినవారు రెండు ట్యూబులు, పంపు, అతుకుల సామగ్రి వెంట ఉంచుకోవాలి. కొండపై పంక్చరు దుకాణం ఉండదు.

ఉప్పుగాలికి గొలుసు రెండు రోజుల్లో తుప్పుపడుతుంది. ఇసుకపై తిరిగిన రోజు సాయంత్రమే మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి. బేరింగులపైకి గొట్టంతో నీటిని బలంగా చిమ్మకూడదు.

శిరస్త్రాణం, చేతి తొడుగులు, నిండు బూట్లు లేకుండా మట్టిదారిలోకి దిగరాదు. మనిషికి మూడు లీటర్ల నీరు చలికాలంలో కూడా ఎక్కువ కాదు. ఒంటరిగా వెళ్లకూడదు, ముగ్గురుంటే మేలు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండి, మరొకరు కిందికి వెళ్లగలరు. రాళ్ల సందుల్లో రక్తపింజర, నాగుపాము ఉంటాయి గనుక సైకిల్ ఆపిన చోట చూసి కాలు మోపాలి. పాము కరిస్తే కట్లు బిగించడం, గాటు పెట్టడం వంటివి చేయరాదు. కరిచిన అవయవాన్ని కదపకుండా, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108 అంబులెన్సుకు ఫోన్ చేసినప్పుడు ‘కొండ మీద ఉన్నాం’ అంటే వారికి దారి తెలియదు. దిగువనున్న ఊరి పేరు, ఏ రోడ్డు నుంచి ఏ వైపు తిరగాలో చెప్పగలగాలి. బాట ఎక్కేముందే ఆ ఊరి పేరు అడిగి ఉంచుకోవడం అందుకే అవసరం. కొండ వెనుక వైపు ఫోన్ సంకేతాలు అందని లోయలూ ఉన్నాయి. ఏ బాటలో వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ బస చేసిన చోట చెప్పి బయలుదేరాలి.

వారం రోజుల సెలవు ఉన్నవారు ఒకటి రెండు రోజులు అనంతగిరి, అరకు వైపు కేటాయించుకోవచ్చు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకు లోయలో పల్లెలను కలిపే మట్టిదారులు తీరప్రాంతపు బాటలకంటే పొడవైనవి, చల్లనివి. కాఫీ తోటల్లో అనుమతి, గిరిజన గ్రామాల్లో పెద్దల మాట అక్కడా తప్పనిసరి. ఘాట్ రోడ్డు దిగేముందు బ్రేకు ప్యాడ్లు అరిగాయేమో చూసుకోవాలి. తీరంలో వారం రోజులు ఇసుకలో తిప్పిన సైకిల్‌కు ఆ ప్యాడ్లు ఇంచుమించు అయిపోయి ఉంటాయి. కాబట్టి కొండ ఎక్కకముందే విశాఖలోనే మార్పించుకోవడం మంచిది.